కృష్ణా జిల్లా ఊరికి హైదరాబాదు బిషప్ ముద్ర ఎందుకుంది?

గుడివాడ_కుర్రాడు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మా తాతగారి జ్ఞానస్నాన పత్రం నకలు నాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికింది. 1929 నాటిది. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, ఇప్పుడు విజయవాడ మేత్రాసనం (బిషప్ ఏలే ప్రాంతం). కానీ ఈ కాగితం మీద లాటిన్‌లో ఉన్న ముద్రలో హైదరాబాదు అని కనిపిస్తోంది. 1929లో మా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషువాళ్ళ కింద ఉంది, హైదరాబాదేమో నిజాం రాజ్యం. మరి మా గుడి హైదరాబాదు బిషప్ చేతిలో ఎలా ఉంది?

ఇంకో డౌటు. తాతగారి పేరు రాయప్ప. పత్రంలో మాత్రం పెత్రుస్ అని ఉంది. ఇది వేరే ఎవరిదో అని నాన్నగారి టెన్షన్.

పాతరిజిస్టర్ (ఆదివారం, రాత్రి 10:15)

తాతగారిదే బాబూ, నాన్నగారిని నిశ్చింతగా ఉండమనండి. రాయప్ప అంటే పేతురు. అలాగే చిన్నప్ప పౌలు, అరులప్ప యోహాను, ఇన్నయ్య ఇగ్నేషియస్, శౌరి ఫ్రాన్సిస్ జేవియర్. అరవదేశం వైపు నుంచి వచ్చిన పేర్లు ఇవి. రిజిస్టరు లాటిన్‌లో రాయాలన్నది అప్పటి పద్ధతి కాబట్టి స్వాములవారు పెత్రుస్ అని రాసుకున్నారు, ఇంట్లో రాయప్ప అని పిలుచుకున్నారు. తండ్రి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కలిశాయో లేదో చూసుకోండి, చాలు.

ఇక ముద్ర సంగతి. 1933 దాకా మీ జిల్లా కతోలికులంతా హైదరాబాదు మేత్రాసనం వాళ్ళే. ఆ మేత్రాసనానికి ఎల్లలు పెట్టినప్పుడు నిజాం నేల ఎంత, దొరల నేల ఎంత అని లెక్క చూడలేదు. పైన గోదావరి, కింద కృష్ణ, ఆ రెండు నదుల నడుమ సముద్రం దాకా ఉన్న నేల హైదరాబాదుకి వచ్చింది. ఔరంగాబాదు నిజాం రాజ్యంలోనే ఉన్నా మేత్రాసనం లెక్కలో నాగపూరు వైపు పోయింది. గుడివాడ మద్రాసు రాష్ట్రంలో ఉన్నా హైదరాబాదుకి చేరింది.

1929లో హైదరాబాదు మేత్రాణులు, అంటే బిషప్, దియొనీజి విస్మారా. ఇటలీ ఆయన. 1909లో వచ్చి 1948 దాకా ఆ పీఠం మీదే ఉన్నారు. అంటే ఆరో నిజాం చివరి రోజుల్లో కూర్చుని, పోలీసు చర్య జరిగిన ఏడాది దిగారు. ఈ మధ్య కాలంలో మన తెలుగు మేత్రాణులు ఎవరూ అంతకాలం ఒక పీఠం మీద ఉండలేదు. ఇప్పుడు 75 ఏళ్ళు నిండగానే రాజీనామా పంపాలి కదా.

గుడివాడ_కుర్రాడు (ఆదివారం, రాత్రి 10:31)

మాస్టారూ, చాలా థాంక్స్. ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో ఇటలీ స్వాములు ఏమిటండీ మరి? ఇంగ్లీషు స్వాములే రావాలి కదా?

గన్‌ఫౌండ్రీ_గంట (సోమవారం, ఉదయం 7:05)

మా పేట కథ ఇది, నేను చెప్తాను. ముందు వచ్చింది ఇటలీ వాళ్ళు కాదు, ఐర్లండు వాళ్ళు. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఐరిష్ సిపాయిలు చాలామంది ఉండేవాళ్ళు, వాళ్ళు కతోలికులు. వాళ్ళకి పూజ చేసేవాడు కావాలి. 1832లో మద్రాసుకి వికారియేట్ (మేత్రాసనం కాకముందు రోము నేరుగా నడిపే మిషన్ ప్రాంతం) ఏర్పడ్డాక అక్కడికి ఐరిష్ బిషప్పులు, గురువులు వచ్చారు. వాళ్ళలో కార్క్ ప్రాంతం నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ అనే కుర్ర ఫాదర్ ఇక్కడికి చేరారు. సికింద్రాబాదు సెయింట్ మేరీస్ చర్చి 1840ల్లో ఆయన మొదలుపెట్టిందే. 2008లో బసిలికా (రోము ఇచ్చే ప్రత్యేక హోదా గుడి) అయింది, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఉంది కదా, అదే.

1851లో హైదరాబాదుని మద్రాసు నుంచి విడదీసి వేరే వికారియేట్ చేశారు. మొదటి అధిపతి మర్ఫీ గారే. ఆబిడ్స్ దగ్గర ఆల్ సెయింట్స్ స్కూలు 1855లో మొదలైంది, అదీ ఆయన హయాంలోనే. తర్వాత ఆరోగ్యం బాగా లేక ఇక్కడి నుంచి వెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళారో ఊహించండి చూద్దాం. ఆస్ట్రేలియా కింద టాస్మానియా! హోబార్ట్ బిషప్ అయ్యి, 1888లో అక్కడి తొలి ఆర్చిబిషప్ అయ్యి, తొంభై దాటాక 1907లో కన్నుమూశారు. మన ఎండలో ఆరోగ్యం పాడైన మనిషి అక్కడి చలిలో ఇంకో నలభై ఏళ్ళు పనిచేశారు.

ఇటలీ వాళ్ళు మర్ఫీ గారికి సాయంగా 1855లో వచ్చారు. మిలాన్ నగరంలో 1850లో విదేశీ మిషన్ల కోసం ఒక సెమినరీ పెట్టారు, అక్కడి గురువులు. ఇప్పుడు పిమే సభ (మిషన్ గురువుల సంఘం) అంటాం. మర్ఫీ గారు వెళ్ళిపోయాక మిషన్ మొత్తం వాళ్ళ చేతికి వచ్చింది. బార్బెరో గారు 1870లో బిషప్. ఆయన తర్వాత కప్రోత్తి, విగానో, విస్మారా. వరసగా అందరూ మిలాన్ సభ వాళ్ళే.

మా గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్ కథీడ్రల్‌కి పునాది వేసింది కూడా 1870లోనే. 1875 క్రిస్మస్‌కి తెరిచారు. ముందున్న రెండు గోపురాలు తర్వాత లేచాయి. గంటలు ఇటలీ నుంచి తెప్పించారు. నా పేరు అక్కడి నుంచే 🙂

ఫిరంగిపురం_అమ్మాయి (సోమవారం, ఉదయం 10:20)

ఆగండి ఆగండి. హైదరాబాదే తెలుగు కతోలికులందరి పుట్టిల్లు అన్నట్టు రాస్తున్నారు. మా గుంటూరు ఏనాడూ హైదరాబాదు మేత్రాసనంలో లేదు. మేము మద్రాసు వాళ్ళం, తర్వాత నెల్లూరు, తర్వాత సొంత మేత్రాసనం. కృష్ణకి అవతల మీరు, ఇవతల మేము. మాకు ఇటలీ స్వాములు లేరు, మిల్‌హిల్ స్వాములు వచ్చారు, 1875 నుంచి. లండన్ దగ్గరి మిల్‌హిల్‌లో పుట్టిన సభ అయినా అందులో డచ్చి వాళ్ళు, జర్మన్ భాష వాళ్ళు చాలామంది. మా ఊరి బాలయేసు గుడి కట్టించింది డీక్‌మన్ ఫాదర్.

పైగా మా కథ 1851లో మొదలు కాలేదు. 1700 ప్రాంతంలోనే ఫ్రెంచి జెస్యూట్లు (యేసు సభ గురువులు) కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు, కృష్ణాపురం వైపు వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగులో రాశారు. ఆ కుటుంబాలే తర్వాత కరువులకీ యుద్ధాలకీ ఉత్తరంగా కదిలి గుంటూరు వైపు స్థిరపడ్డాయని మా పెద్దలు చెప్తారు.

పాతరిజిస్టర్ (సోమవారం, మధ్యాహ్నం 1:10)

అమ్మాయి చెప్పింది నిజం. ఆ జెస్యూట్లలో గాస్తోఁ కేర్దూ అనే ఆయన ఉన్నారు. తెలుగు నిఘంటువు పనిచేశారు. సంస్కృతానికీ లాటిన్ గ్రీకులకీ చుట్టరికం ఉందని 1767లోనే ఫ్రాన్సుకి రాసి పంపారు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట అనడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు. 1773లో పోపుగారు జెస్యూట్ సభనే రద్దు చేయడంతో ఆ మిషన్ చితికిపోయింది. గురువు లేకుండా తరాలు గడిపిన ఊళ్ళు ఉన్నాయి. ఉపదేశులు, ఇంటి పెద్దలు జపాలు చెప్పుకుంటూ నిలబెట్టారు. మేత్రాణుల జాబితాల్లో వీళ్ళ పేర్లు ఎక్కడా రావు, కానీ వీళ్ళు లేకపోతే తర్వాత వచ్చిన మేత్రాణులకి ఏలడానికి జనమే ఉండేవారు కాదు.

హైదరాబాదు వైపు కూడా 1851 మొదలు కాదు. 1637 ప్రాంతంలో మతేయుస్ దె కాస్త్రో అనే గోవా ఆయన్ని రోము బీజాపూరుకి అధిపతిగా చేసింది. గోల్కొండ కూడా ఆయన లెక్కలోకే వచ్చేది. గోవాలో పోర్చుగీసు వాళ్ళు ఆయన్ని బిషప్‌గా ఒప్పుకోలేదు. నల్లవాడు, బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు, పైగా మా రాజు నియమించలేదు అన్నారు. ఈ రోము–పోర్చుగల్ తగాదా రెండు వందల ఏళ్ళు పైనే సాగింది. ఒకే ఊళ్ళో ఒకడు గోవా గురువు దగ్గరికి, ఇంకొకడు రోము పంపిన గురువు దగ్గరికి. 1886లో పదమూడో లియో పోపుగారు పోర్చుగల్‌తో ఒప్పందం చేసుకుని, అదే ఏడాది సెప్టెంబరు 1న ఇండియాలో పూర్తిస్థాయి మేత్రాసనాలు ఏర్పాటు చేశారు. హైదరాబాదు, విశాఖపట్నం రెండూ ఆ రోజు మేత్రాసనాలైనవే. అప్పుడు హైదరాబాదుకి పై అధికారం మద్రాసు.

విశాఖ వైపు ఇంకో సభ. ఫ్రాన్సు పక్కన సవాయ్ రాజ్యంలోని అన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ వాళ్ళు 1846లో దిగారు. నేరే గారు మొదటి అధిపతి. ఒకప్పుడు వాళ్ళ ఎల్ల నాగపూరు దాకా ఉండేది.

గుడివాడ తమ్ముడూ, నీ ప్రశ్నకి అసలు జవాబు ఇది. కొత్త మేత్రాసనాల్ని రోము పోపుగారే ప్రకటించినా, లోపల గీతలు ఏ సభకి ఏ నేల అన్న లెక్క మీద పడ్డాయి. మిలాన్ వాళ్ళకి రెండు నదుల నడుమ, మిల్‌హిల్ వాళ్ళకి కృష్ణకి దక్షిణం, అన్సీ వాళ్ళకి గోదావరికి ఉత్తరం. ఎవరి నేల మీద వాళ్ళ దేశం పేర్లతో బడులు, వాళ్ళ దేశం పునీతులు. గుంటూరులో ఉన్న ఒక గుడికీ, బెజవాడలో ఉన్న ఇంకో గుడికీ కట్టుబడిలోనే తేడా కనిపిస్తుంది, చూడండి.

కాజీపేట_లోకో (సోమవారం, రాత్రి 8:45)

మంచి చర్చ. మా వైపు కూడా చెప్పండి. మొదటి తెలుగు బిషప్ జోసఫ్ మార్క్ గోపు గారే కదా? హైదరాబాదు ఆర్చిబిషప్.

ఫిరంగిపురం_అమ్మాయి (సోమవారం, రాత్రి 9:02)

కాదండీ. పోతకమూరి తోమాసు గారు. 1940లో నెల్లూరు నుంచి గుంటూరుని విడదీసి కొత్త మేత్రాసనం చేసినప్పుడు మొదటి మేత్రాణులు ఆయనే. తెలుగు నేల మీద తెలుగువాడు మేత్రాణులు కావడం అదే మొదలు. రెండేళ్ళకే, 1942లో, ఆయన్ని బెంగళూరుకి పంపేశారు! ఆయన తర్వాత 1943లో ముమ్మడి ఇగ్నేషియస్ గారు వచ్చి ముప్ఫై ఏళ్ళు నడిపారు.

కాజీపేట_లోకో (సోమవారం, రాత్రి 9:10)

మరి గోపు గారు?

గన్‌ఫౌండ్రీ_గంట (సోమవారం, రాత్రి 9:38)

గోపు గారు హైదరాబాదుకి మొదటి తెలుగు మేత్రాణులు, మొదటి అగ్రపీఠాధిపతులు (ఆర్చిబిషప్). విస్మారా తర్వాత ఇంకో మిలాన్ సభ ఆయన, అల్ఫోన్సో బెరెత్తా వచ్చారు. ఇంతలో వరంగల్లు కొత్త మేత్రాసనం అయింది. 1953లో బెరెత్తా గారు వరంగల్లుకి వెళ్ళారు, ఇక్కడికి గోపు గారు వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరు 19న హైదరాబాదు అగ్రపీఠం అయింది. సరిగ్గా అదే తేదీన బెంగళూరు కూడా అగ్రపీఠం అయింది. అక్కడ కూర్చున్నది మన పోతకమూరి గారే. ఒకే రోజున రెండు అగ్రపీఠాల మీద ఇద్దరు తెలుగువాళ్ళు. ఇది ఎక్కడా ఎవరూ గొప్పగా చెప్పుకోరు ఎందుకో.

లాటిన్ పూజ పోయి తెలుగు పూజ వచ్చింది కూడా గోపు గారి కాలంలోనే. 1962–65 వాటికన్ మహాసభ తర్వాత. మా అమ్మమ్మకి లాటిన్ పాటలు అర్థం తెలియకుండానే నోటికి వచ్చేవి. తెలుగు పూజ వచ్చాక కూడా రోజరీ తర్వాత లాటిన్‌లో ఒకటి పాడితే గానీ ఆవిడకి తృప్తి ఉండేది కాదు.

డోర్నకల్_జంక్షన్ (సోమవారం, రాత్రి 10:55)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను సీఎస్ఐ, ప్రొటెస్టెంటు సంఘం. 1940 దాకా తెలుగు బిషప్ లేరా? మా డోర్నకల్‌కి అజరయ్య గారు 1912లోనే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. మా పెద్దలు ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు.

నల్గొండ_నిర్మల (మంగళవారం, ఉదయం 6:50)

అజరయ్య గారు తమిళులు కదా అన్నా, తిరునెల్వేలి వైపు వారు. ఆయన గొప్పతనం తగ్గించడానికి కాదు ఈ మాట. కానీ మీరన్నది ఆలోచించాల్సిందే. ఇండియాలో లాటిన్ రీతి కతోలికులకి ఈ కాలంలో మొదటి భారతీయ బిషప్ తూత్తుకుడి రోచ్ గారు, 1923లో. మన తెలుగు నేలకి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది. వరంగల్లు బెరెత్తా గారైతే 1985 దాకా ఉన్నారు! నెల్లూరు బౌటర్ గారు 1970 దాకా, విజయవాడ దె బత్తిస్తా గారు 1971 దాకా. స్వాతంత్ర్యం వచ్చి రెండు మూడు దశాబ్దాలయినా విదేశీ మేత్రాణులే. మనవాళ్ళ మీద నమ్మకం లేకనా, మనవాళ్ళు తయారు కాలేకనా?

పాతరిజిస్టర్ (మంగళవారం, ఉదయం 8:30)

రెండూ కొంచెం కొంచెం ఉన్నాయమ్మా. ఇంకోటి డబ్బు. మిలాన్ నుంచీ, మిల్‌హిల్ నుంచీ వచ్చే విరాళాల మీద బడులు, ఆసుపత్రులు, అనాథ శరణాలయాలు నడిచేవి. మేత్రాణులు ఆ సభ మనిషైతే ఆ దారి మూసుకుపోదు. స్థానిక గురువులు చేతికి అందేసరికి ఆలస్యమైంది. గురువిద్యాలయంలో పదేళ్ళు పైగా లాటిన్, తత్త్వం చదవాలి. పొలం పుట్రా ఉన్న కుటుంబాలే ఒక కొడుకుని అలా వదులుకోగలిగేవి.

ఆ స్వాముల కష్టాన్ని తక్కువ చేయను. గుణదల సంగతే తీసుకోండి. 1920ల్లో అర్లాతి ఫాదర్ అక్కడ అనాథ పిల్లల ఇల్లు చూస్తూ కొండ మీద మరియమాత స్వరూపం పెట్టారు. 1933లో కొండ కొస మీద 18 అడుగుల ఇనుప సిలువ. ఇప్పుడు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడ ఏ మతం వాళ్ళు వస్తారో లెక్కపెట్టగలమా? కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, అందరూ వస్తారు. మిలాన్ నుంచి వచ్చిన మనిషి మన కొండ మీద మన పద్ధతికి అడ్డు చెప్పలేదు.

సిలువ నిలిపిన ఆ 1933లోనే బెజవాడ హైదరాబాదు నుంచి వేరు పడింది. ముందు విడి మిషన్, 1937లో మేత్రాసనం, మొదటి మేత్రాణులు గ్రాస్సీ. నీ పత్రం తర్వాత నాలుగేళ్ళకి, గుడివాడ తమ్ముడూ. మీ చిన్నతాతలు 1933 తర్వాత పుట్టి ఉంటే వాళ్ళ కాగితాల మీద బెజవాడ ముద్ర ఉంటుంది.

కాజీపేట_లోకో (మంగళవారం, సాయంత్రం 6:15)

ఎవరైనా పంపకాలన్నీ ఒకచోట రాయండి బాబూ, తికమకగా ఉంది.

నల్గొండ_నిర్మల (మంగళవారం, సాయంత్రం 7:40)

హైదరాబాదు నుంచి: బెజవాడ, వరంగల్లు, 1976లో మా నల్గొండ. బెజవాడ నుంచి అదే 1976లో ఏలూరు. వరంగల్లు నుంచి 1988లో ఖమ్మం. అటు మద్రాసు నుంచి 1928లో నెల్లూరు. నెల్లూరు నుంచి గుంటూరు, 1967లో కర్నూలు, 1976లో కడప. విశాఖ నుంచి 1993లో శ్రీకాకుళం. అంతే.

విచిత్రం ఏమిటంటే, 2001లో విశాఖ కూడా అగ్రపీఠం అయింది. గుంటూరు, నెల్లూరు, విజయవాడ, ఏలూరు, శ్రీకాకుళం దాని కిందకి వెళ్ళాయి. కర్నూలు, కడప మాత్రం హైదరాబాదు కిందే ఉండిపోయాయి. 2014లో రాష్ట్రం విడిపోయినా అవి అలాగే ఉన్నాయి. అసెంబ్లీ, హైకోర్టు, నీళ్ళు అన్నీ పంచుకున్నారు, మేత్రాసనాలు మాత్రం పంచుకోలేదు.

వేళాంగణి_బస్సు (మంగళవారం, రాత్రి 9:25)

అందరూ సభలు, నదులు అంటున్నారు. ఒక మాట ఎవరూ అనడం లేదు, నేను అంటాను. కులం. తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళితులే, అది అందరికీ తెలుసు. మేత్రాణుల జాబితా మాత్రం చాలాకాలం వేరేగా ఉంది. మా నాన్న చిన్నప్పుడు మా గుళ్ళో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. పండుగకి స్వరూపాన్ని ఎత్తే భుజాలు కూడా ముందే నిర్ణయమై ఉండేవి.

మోడరేటర్ (మంగళవారం, రాత్రి 9:50)

చర్చ కొనసాగించండి. ఊళ్ళ పేర్లు, కుటుంబాల పేర్లు, ఇప్పటి మేత్రాణుల్లో ఎవరిది ఏ కులం అనే జాబితాలు వద్దు. అలాంటి రెండు పోస్టులు తీసేశాను.

పాతరిజిస్టర్ (బుధవారం, ఉదయం 7:20)

బస్సు గారు అన్నది అనాల్సిందే. నేను నిన్న పొలం పుట్రా అన్నాను కదా, ఆ మాట వెనక ఉన్నది ఇదే. పద్దెనిమిదో శతాబ్దంలో జెస్యూట్ల దగ్గర జ్ఞానస్నానం తీసుకున్న రైతు కుటుంబాలకి తరతరాల చదువు, భూమి, గురుత్వం ఉన్నాయి. తర్వాత పెద్ద సంఖ్యలో వచ్చిన మాల మాదిగ పేటలకి అవి లేవు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేకుండా పోయింది, మన దగ్గర బీసీ–సి కింద ఒక్క శాతం మిగిలింది. గుడిలో వెనక, సర్కారు దగ్గరా వెనక.

గోపు గారి తర్వాత 1971 నుంచి 2000 దాకా సామినేని అరులప్ప గారు. 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయినప్పుడు, దేశంలోనే ఆ స్థానానికి వచ్చిన మొదటి దళితుడు అని పత్రికలు రాశాయి. అంతకుముందు ఖమ్మంలో, విజయవాడలో మేత్రాణులు ఆయన. 2010 ఆగస్టులో పదవిలో ఉండగానే పోయారు. ఆయన తర్వాత వరంగల్లు నుంచి తుమ్మ బాల గారు, 2020లో కర్నూలు నుంచి పూల ఆంథోనీ గారు.

గన్‌ఫౌండ్రీ_గంట (బుధవారం, ఉదయం 9:00)

పూల గారి గురించి ఇంకొంచెం. కర్నూలు జిల్లా పేద కుటుంబం. ఏడో తరగతి తర్వాత చదువు మానేయాల్సి వస్తే మిషనరీలు ఆదుకుని చదివించారు. కడప మేత్రాసనానికి గురువయ్యారు, 2008లో కర్నూలు మేత్రాణులు. 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపుగారు కార్డినల్ చేశారు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. 2025 మేలో కొత్త పోపుగారిని ఎన్నుకున్న సభలో ఆయనకీ ఓటు ఉంది. ఆ రోజు టీవీలో తెల్ల పొగ చూస్తుంటే మా పేటలో ఆటోలు ఆగిపోయాయి.

వేళాంగణి_బస్సు (బుధవారం, ఉదయం 9:30)

గర్వంగానే ఉంది అన్నా, కాదనను. 1940లో తెలుగు గురువుకి తలపాగా దొరికింది. దళితుడికి అగ్రపీఠం దొరకడానికి ఇంకో అరవై ఏళ్ళు. కార్డినల్ టోపీ వచ్చింది కాబట్టి ఊళ్ళలో అంతా సర్దుకుందని మాత్రం అనకండి, అంతే నా మాట. పై పీఠం మారినంత తేలిగ్గా కింద శ్మశానం గోడ కదలదు.

ఫిరంగిపురం_అమ్మాయి (బుధవారం, ఉదయం 10:10)

దీనికి నేను ఎదురు చెప్పను. మా వైపూ అంతే.

గుడివాడ_కుర్రాడు (బుధవారం, రాత్రి 8:05)

నేను ఒక కాగితం గురించి అడిగితే ఇంత చరిత్ర వచ్చింది. మాస్టారూ, చివరగా ఒకటి. మా విచారణలో (పారిష్‌లో) 1929 రిజిస్టరు చెదలు పట్టి పోయిందంటున్నారు. నకలు ఇంకెక్కడైనా ఉంటుందా?

పాతరిజిస్టర్ (బుధవారం, రాత్రి 8:50)

ఉండే అవకాశం ఉంది. 1918 నుంచి అమల్లోకి వచ్చిన సంఘ చట్టం ప్రకారం విచారణ గురువు ఏటా ఆ రిజిస్టర్ల నకలు మేత్రాణుల కార్యాలయానికి పంపాలి. 1929 అంటే ఆ నకలు వెళ్ళాల్సింది హైదరాబాదుకి. అన్ని ఊళ్ళవీ చేరాయని చెప్పలేం. ఇప్పటి విచారణ గురువు దగ్గర ఉత్తరం తీసుకుని, ముందు విజయవాడలో అడిగి, తర్వాత హైదరాబాదులో అడుగు. దొరికితే అంచున రాసినవి కూడా చదివించుకో. పెళ్ళి ఎప్పుడు, ఏ గుళ్ళో జరిగిందో అక్కడ రాయడం ఆనవాయితీ. మీ నాయనమ్మ ఊరు తెలుస్తుంది.

మియాపూర్_మేరీ (గురువారం, ఉదయం 11:15)

అందరూ తెలిసినవాళ్ళు కాబట్టి అడుగుతున్నా. హైదరాబాదులో పూల గారు ఉండగా శంషాబాద్ బిషప్ అని ఇంకొకరు ఎందుకు? మా అమ్మాయికి మలయాళీ సంబంధం కుదిరింది, వాళ్ళేమో మాది శంషాబాద్ అంటున్నారు. మాకు ఎయిర్‌పోర్టు తప్ప శంషాబాద్‌లో ఏముందో తెలియదు!

నల్గొండ_నిర్మల (గురువారం, మధ్యాహ్నం 12:30)

కంగారుపడకండి అక్కా, వాళ్ళూ కతోలికులే, పోపుగారు ఒక్కరే. వాళ్ళది సీరో మలబార్ రీతి, మనది లాటిన్ రీతి. పూజ పద్ధతి వేరు, మేత్రాణులు వేరు. ఒకే నేల మీద రెండు రీతుల మేత్రాసనాలు ఉండొచ్చు. 1999 నుంచి ఆదిలాబాద్ వాళ్ళదే. 2017లో ఫ్రాన్సిస్ పోపుగారు శంషాబాద్ ఏర్పాటు చేశారు. అప్పటిదాకా వాళ్ళ మేత్రాసనం లేని రాష్ట్రాల్లో ఉన్న సీరో మలబార్ వాళ్ళందరి కోసం. అప్పట్లో ఎల్ల దాదాపు దేశమంత, పీఠం మాత్రం మన ఊరి శివారులో. మొదటి బిషప్ రాఫెల్ తట్టిల్ గారు 2024లో ఆ సంఘం మొత్తానికి అధిపతి అయ్యి కేరళ వెళ్ళారు.

పాతరిజిస్టర్ (గురువారం, మధ్యాహ్నం 2:05)

పెళ్ళి విషయం. ఇద్దరూ కతోలికులే కాబట్టి మతం మార్చుకోవడాలు ఏమీ లేవు. వాళ్ళ చట్టంలో మామూలుగా పెళ్ళి పెళ్ళికొడుకు విచారణ గురువు చేయిస్తారు. మీ గుళ్ళో చేయాలనుకుంటే తగిన కారణం చెప్పి ముందే ఇద్దరు గురువులతో మాట్లాడుకోండి, దొరికే అనుమతే. అమ్మాయి కోరుకుంటే అబ్బాయి రీతిలోకి మారొచ్చు, మారకుండా లాటిన్‌లోనే ఉండొచ్చు, బలవంతం ఏమీ లేదు. పుట్టే పిల్లలు మామూలుగా తండ్రి రీతికి చెందుతారు, తల్లిదండ్రులిద్దరూ కలిసి వేరేగా అనుకుంటే తప్ప. ప్రకటనలు రెండు విచారణల్లోనూ చదివించాలి, కాబట్టి హాలు బుక్ చేసే ముందు ఫాదర్‌ల దగ్గరికి వెళ్ళండి.

మియాపూర్_మేరీ (గురువారం, మధ్యాహ్నం 2:20)

హాలు ఆల్రెడీ బుక్ చేశాం మాస్టారూ 😬 రేపు ఉదయం పూజ అవ్వగానే ఫాదర్‌ని కలుస్తాం.